సొట్టలక్క పనితనం

కాగితాల్లో ఆమెకు నిక్షేపంలాంటి పేరొకటి ఉంది. ఆ పేరుతో పిలిస్తే ఆమే పలకదు. బజారంతటికీ ఆమె సొట్టలక్క. కారు తలుపు లోపలికి పోయినా, బంపరు మూతి వంకర తిరిగినా, బానెట్టు ముడతలు పడినా, ఎవరి నోట విన్నా ఒకటే మాట: సొట్టలక్క షెడ్డుకు తోలుకుపో. వయసు నలభై ఏడు. మీకూ నాకూ లేని బలం ఆ చేతుల్లో ఉంది. కుడి అరచేయి మొద్దుబారి గరుకుగా ఉంటుంది, ఎడమ అరచేయి మాత్రం పసిపిల్ల బుగ్గలా ఉంటుంది. కుడిచేత్తో సుత్తి పడుతుంది, ఎడమచేత్తో రేకును తడిమి చూస్తుంది మరి. ఆ ఎడమ చేతికి ఆమె చేసే రాచమర్యాద అంతా ఇంతా కాదు. దానికి రోజూ నూనె రాస్తుంది, వేడి గిన్నె తాకనివ్వదు, కూరగాయలు తరిగేటప్పుడు కూడా దాన్ని కత్తికి దూరంగానే ఉంచుతుంది. అదెలా కుదురుతుందో నన్నడగకండి.

షెడ్డు ఆమె తండ్రిది. రెండు కార్లు పట్టేంత చోటు. గోడకు వరసగా సుత్తులు వేలాడుతుంటాయి, ఇనపవి, చెక్కవి, రబ్బరువి. మూలన సొట్టలు పూడ్చడానికి పూసే లప్పం డబ్బాలు, ఎమ్రీ కాగితాల కట్టలు, రంగు కొట్టే గన్ను, దానికి గాలి పంపే కంప్రెసరు. కంప్రెసరు మొదలైతే పక్కవాళ్ళ మాట వినపడదు కాబట్టి ఆ షెడ్డులో అందరూ అరిచే మాట్లాడతారు. సొట్టలక్క ఇంటికెళ్ళాక కూడా అరుస్తూనే ఉంటుంది. పన్నెండేళ్ళప్పుడు తండ్రి ఆమె చేతిలో డాలీ పెట్టాడు. డాలీ అంటే అరచేతిలో ఇమిడే ఇనపముద్ద. సొట్టకు వెనకవైపు దాన్ని ఆనించి, ముందు నుంచి సుత్తితో చిన్నచిన్నగా కొడుతూ రేకును దారికి తెచ్చుకోవాలి. కోపంగా కొడితే రేకు సాగిపోతుంది, సాగిన రేకు చచ్చినా మాట వినదు. తండ్రి నేర్పిన పాఠం ఒక్కటే. సొట్ట పోతే చాలదు, అక్కడ సొట్ట పడిందన్న సంగతే ఎవరికీ తెలియకూడదు. ఆ తర్వాత రంగులు కలపడంలో ఆరితేరినవాడు మొగుడుగా దొరికాడు. ఆయన పోయి ఎనిమిదేళ్ళయింది. రంగుల పనీ, ఒక్కగానొక్క కూతురూ ఆయన తరఫున ఆమెకు మిగిలాయి.

అబద్ధమెందుకు, ఆమెకు పొగరు కాస్త ఎక్కువే. బాగుచేసిన కారును రోడ్డు మీద నిలబెట్టి, దెబ్బ ఎక్కడ తగిలిందో చూపించమని వచ్చేపోయేవాళ్ళతో పందెం కాసేది. ఒకసారి ఇన్సూరెన్సు ఆయనెవరో భూతద్దం పట్టుకుని కారు చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, ఆఖరికి దెబ్బ తగలని తలుపును చూపించాడు. ఆ కథ నెలరోజులపాటు బజారులో అందరూ వినాల్సి వచ్చింది. విననివాళ్ళను ఆపి మరీ వినిపించింది.

ఈ పనితనం కాలేజీ కుర్రాళ్ళకు భలే కలిసొచ్చింది. పెద్దవాళ్ళ కార్లకు పార్కింగులో గీతలు పడతాయి. కుర్రాళ్ళ కార్లకు మలుపుల్లో, కూడళ్ళలో, ఎవరూ లేని ఖాళీ రోడ్ల మీద సొట్టలు పడతాయి. నాన్న డ్యూటీకి వెళ్ళగానే కారు తెచ్చి, ఆయన ఇంటికొచ్చేలోగా కొత్తదానిలా చేసిమ్మని చేతులు పట్టుకుంటారు. నాన్నకు తెలిస్తే చంపేస్తాడక్కా అనే మాట ఆమె ఎన్ని వందలసార్లు విన్నదో. ఏ నాన్నా ఎవరినీ చంపినట్టు ఆమె చూడలేదు. అయినా కరిగిపోయేది. ముందు చెవి మెలిపెట్టి నాలుగు తిట్టి, తర్వాత పనిలోకి దిగేది. పని మొదలయ్యాక, అందరిలా ఎలా తగిలిందిరా అని అడిగేది కాదు. పక్కన ఎవరున్నారని అడిగేది.

ముప్పై ఐదేళ్ళు రేకును తడిమిన చేయి అది, ఊరికే అడుగుతుందా? ఒంటరిగా వెళ్ళినవాడు నిద్రమత్తులోనో, ఫోను చూసుకుంటూనో గుద్దుతాడు. స్నేహితులతో వెళ్ళినవాడు పూర్తి మెలకువలో, నవ్వుతూ గుద్దుతాడు. వెనక సీట్లో ఇద్దరుంటే ఒక లోతు, ముగ్గురుంటే ఇంకాస్త లోతు. మనసుపడ్డ పిల్ల పక్కన కూర్చుంటే బ్రేకు ఎక్కడుందో గుర్తురాదు. ఇంట్లో తిట్లు తిని వచ్చినవాడు ఆ ఉడుకంతా యాక్సిలరేటరు మీద చూపిస్తాడు. పరీక్ష తప్పినవాడు ముందుపోయే లారీని దాటి పాసవుదామనుకుంటాడు. లైసెన్సు వచ్చిన మొదటి నెల అందరూ దడదడలాడుతూనే నడుపుతారు. ఏడాది తిరిగేసరికి ఇన్నాళ్ళూ ఏమీ కాలేదు కదా అన్న ధీమా వస్తుంది. ఆ ధీమా వచ్చాకే షెడ్డుకు వస్తారు. ఇదంతా ఆమె పుస్తకాల్లో చదవలేదు, సుత్తి చప్పుడు మధ్య కుర్రాళ్ళే చెప్పుకున్నారు. కన్నవాళ్ళకు చెప్పనిది ఆమెకు చెప్పేవాళ్ళు. ఆమె పొట్ట చెక్కలయ్యేలా నవ్వి, అన్నాల దగ్గర కూతురికి కథలుగా చెప్పేది. అన్నీ తెలుసు మహాతల్లికి. తెలిసి ఏం చేసిందయ్యా అంటే, లప్పం పెట్టింది.

ఆ కుర్రాళ్ళలో ఒకడిని తాతయ్య అనేవాళ్ళు. వయసు పందొమ్మిది. కారు మరీ నిదానంగా నడుపుతాడని స్నేహితులు ఆ పేరు తగిలించారు. వాడి నాన్న బస్సు డ్రైవరు. ముప్పై ఏళ్ళ సర్వీసులో బస్సుకు గీత పడనివ్వని మనిషి. పక్క పట్నానికి తొమ్మిదీ నలభై బస్సు ఆయనదే, ఆదివారం కూడా. కొడుకుకు తనే పక్కన కూర్చుని డ్రైవింగు నేర్పాడు. ఒంటరిగా ఉంటే ఆ కుర్రాడు నిండు బిందె నెత్తిన పెట్టుకున్నట్టు నడుపుతాడు. రోడ్డు దాటుతున్న ముసలామెను అంత దూరం నుంచే చూసి ఆగిపోవడం సొట్టలక్క స్వయంగా చూసింది. కానీ కారులో ఇంకో ముగ్గురు ఎక్కి, తాతయ్యా, దిగి తొయ్యమంటావా అన్నారంటే చాలు, వాడి చెవులు ఎర్రబడతాయి, యాక్సిలరేటరు మీద కాలు బరువెక్కుతుంది.

ఏడాదిలో మూడు సొట్టలు. మొదటిది ముందు కుడి మూల. రెండోది వెనక బంపరు. మూడోది వెనక ఎడమ తలుపు, నాలుగు వేళ్ళ లోతు. మూడూ ఆమె చేతుల్లోనే మాయమయ్యాయి. మూడోదాన్ని మిట్టమధ్యాహ్నం తెచ్చి సాయంత్రానికల్లా కావాలన్నాడు. పక్కన ఎవరున్నారని అడిగితే తల వంచుకుని, ఫ్రెండ్సక్కా అన్నాడు. ఏ ఫ్రెండ్సు అని ఆమె రెట్టించలేదు. వెండిరంగు కలపడంలో మునిగిపోయింది. వెండిరంగంటే మాటలా, ఒక్క చుక్క ఎక్కువైతే మచ్చలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆ సాయంత్రం నాన్న డ్యూటీ దిగి ఆ తలుపు పక్కనుంచే నడిచి వెళ్ళాడని, ఏమీ కనిపెట్టలేదని కుర్రాడు ఫోను చేసి చెబితే, ఆమె షెడ్డులో ఒక్కతే నిలబడి చప్పట్లు కొట్టుకుంది.

ఇక ఆ ఆదివారం సంగతికి వస్తాను. ఆ రోజు పక్క పట్నంలో కాలేజీల వాలీబాల్ ఫైనల్, పదకొండు గంటలకు. సొట్టలక్క కూతురు ఆ జట్టులో బంతిని లేపి ఇచ్చే పిల్ల. ఎగిరి కొట్టేవాళ్ళకు చప్పట్లు వస్తాయిగానీ, ఈ పిల్ల సరిగ్గా లేపి ఇవ్వకపోతే వాళ్ళు గాల్లో చేతులాడించుకోవాల్సిందే. తెల్లవారకముందే తల్లీకూతుళ్ళిద్దరికీ మెలకువ వచ్చేసింది. ఆడేది కూతురైతే కంగారంతా తల్లిది. ఏడున్నరకు పిల్లను పంపించి, తను షెడ్డుకు వచ్చింది. మాట ఇచ్చిన కారు ఒకదానికి ఆఖరి పూత కొట్టేసి, తొమ్మిదీ నలభై బస్సు పట్టుకుని మ్యాచికి వెళ్ళాలని ఆమె లెక్క. గన్ను పట్టుకుని కొడుతూనే మధ్యమధ్యలో ఎగిరి బంతి కొట్టినట్టు చేయి విసిరింది. ఎవరైనా చూస్తే ఏమనుకునేవాళ్ళో.

తొమ్మిదింటికి ఫోనులో కూతురి దగ్గరనుంచి ఫోటో వచ్చింది. మోకాలి పట్టీలు మరిచిపోయి వెనక్కి వెళ్ళేసరికి జట్టు బస్సు వెళ్ళిపోయిందట. లిఫ్టు దొరికింది, కంగారు పడకు, అని కింద రాసింది. ఫోటోలో కూతురు, ఇద్దరు కుర్రాళ్ళు వెండిరంగు కారుకు ఆనుకుని పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. ఒకడిది గళ్ళచొక్కా, ఒకడికి కళ్ళజోడు. ఫోటో తీసినవాడు కనపడడం లేదు. నంబరు ప్లేటూ కనపడడం లేదు. కనపడిందల్లా వెనక ఎడమ తలుపు. సొట్టలక్క రెండు వేళ్ళతో దాన్ని పెద్దది చేసింది. ఎండ పడినచోట, హ్యాండిల్ కింద, వెండిరంగు వెంట్రుకవాసి నీలానికి తిరిగింది. భూతద్దం ఆయన జన్మలో కనిపెట్టలేడు. కలిపినామెకు తెలియదా? చేతిలో గన్ను నుంచి రంగు కారి పాదం మీద పడుతున్నా ఆమెకు తెలియలేదు.

వెంటనే ఫోను చేసింది. అవతల పాటల హోరు. ఏం వినపడడం లేదమ్మా, బంకులో పెట్రోలు కొట్టించుకుని వెళ్ళిపోతాం, నువ్వు బస్సులో వచ్చెయ్ అని కూతురు నవ్వుతూ అరిచింది. దాని వెనక ఎవడిదో గొంతు స్పష్టంగా వినపడింది. "తాతయ్యా, నలభై నిమిషాల్లో దింపాలి. లేకపోతే స్టీరింగు నాకిచ్చెయ్." గొల్లుమని నవ్వులు. ఫోను కట్టయింది. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. మళ్ళీ మళ్ళీ చేసినా ఎత్తలేదు.

ఆ పట్నానికి ఎంత వేగంగా వెళ్ళినా గంట పడుతుంది. దారిలో కాలువ గట్టు వెంబడి ఆరు మలుపులు, పక్కన గోడ లేదు. ఏడాదిలో షెడ్డుకు వచ్చే పెద్ద దెబ్బల్లో సగం ఆ ఆరు మలుపులవే. అక్కడ దెబ్బతిన్న ఇంకొన్ని కార్లను బాగుచేయించుకోవడానికి ఎవరూ తీసుకురాలేదు. పాత ఇనుముకు పోయాయి. ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. కంప్రెసరు ఆపిందో లేదో తెలియదు, షెడ్డు తలుపు వేసిందో లేదో తెలియదు. రంగు మరకల చొక్కాతోనే స్కూటరెక్కి బంకు వైపు ఉరికించింది. ఎదురుగా వచ్చే బళ్ళన్నీ తప్పుకోవాలన్నట్టు హారను మీదనుంచి బొటనవేలు తీయలేదు.

రెండో కూడలిలో ఎర్రలైటు పడింది. ఆమె ఆగలేదు. ఆగి ఉన్న లారీకీ డివైడరుకూ మధ్య జానెడు సందులోంచి దూరి, అటునుంచి వస్తున్న పళ్ళబండికి వెంట్రుకవాసిలో తప్పుకుని, కాళ్ళు నేలకు ఆనించి ఆగింది. పళ్ళబండి ఆయన రెండు చేతులూ తల మీద పెట్టుకుని ఆమెనే చూస్తున్నాడు. హెల్మెట్టు షెడ్డులోనే ఉండిపోయిందని అప్పుడు గుర్తొచ్చింది. నలభై ఏడేళ్ళదాన్ని, అన్నీ తెలిసినదాన్ని, నేనే ఇలా చేశానే అనుకుంది. స్కూటరు మీద ఆమె వెనక ఎవరూ లేరు, కానీ చెవిలో ఆ నవ్వులు వినపడుతూనే ఉన్నాయి. చెవిలో నవ్వులకే తను ఇలా అయితే, పక్కనే కూర్చుని నవ్వుతుంటే ఆ పందొమ్మిదేళ్ళవాడు ఏమవుతాడు? పళ్ళబండి ఆయనకు దండం పెట్టి, ఈసారి కళ్ళు తెరుచుకుని వెళ్ళింది.

వెండిరంగు కారు బంకులోనే ఉంది. తన అదృష్టానికి ముందు బళ్ళ వరస పెద్దగా ఉన్నట్టుంది, అప్పుడే పెట్రోలు కొట్టడం ముగించి పైపు తీస్తున్నారు. ఆమె స్కూటరును కారుకు అడ్డంగా పెట్టి దిగింది. వెనక ఎడమ తలుపు తెరిచి కూతురి చేతిలో సంచి లాక్కుని, దిగమంది. ఆ పిల్ల ఒంటికాలి మీద లేచింది. పదింటికి ప్రాక్టీసుకు అక్కడ ఉండాలని, కోచ్ అప్పటికే నాలుగుసార్లు ఫోను చేశాడని, మూడేళ్ళకు వచ్చిన ఫైనల్ అని, అమ్మకు పిచ్చిగానీ పట్టిందా అని గుక్క తిప్పుకోకుండా అడిగింది. సొట్టలక్క కుర్రాడి చెవులు చూస్తున్నది.

తాతయ్య స్టీరింగు ముందునుంచి మర్యాదగా, నెమ్మదిగానే తీసుకెళ్తానక్కా అన్నాడు. పక్క సీట్లో గళ్ళచొక్కా వాడు కిటికీ వైపు తిరిగి, తాతయ్య నెమ్మదిగా కాక ఇంకెలా వెళ్తాడని గొణిగాడు. కళ్ళజోడువాడు కిసుక్కుమన్నాడు. చెవులు కందిపోయాయి. అప్పుడు సొట్టలక్కకు తను చేయబోతున్న తప్పు తెలిసింది. తన పిల్లను తను దింపుకుపోతే, ఈ అవమానాన్ని మోసుకుంటూ ఈ ముగ్గురూ కాలువ గట్టెక్కుతారు. వాళ్ళకూ అమ్మలున్నారు. ఆమె కిటికీలోంచి చేయి పెట్టి తాళంచెవి తిప్పి లాగేసి, పిడికిట్లో బిగించింది. కారును పక్కకు తోయమంది. తోశారు. ఆ మనిషి ముఖం చూసి ఎదురు చెప్పే ధైర్యం ఎవరికీ రాలేదు.

అరవాలనే ఉంది ఆమెకు. నలుగురినీ వరసగా నిలబెట్టి చెంపలు వాయించాలని ఉంది. కానీ అరిస్తే పని చెడుతుందని ఆ చేతులకు ముప్పై ఐదేళ్ళుగా తెలుసు. ఆమె కారు చుట్టూ నడిచి, ముందు కుడి మూల మీద అరచేయి ఆనించింది. ఇక్కడ దెబ్బ తగిలిన రోజు పక్కన ఎవరున్నారని అడిగింది. అడిగింది తాతయ్యను కాదు, మిగతా ముగ్గురినీ. గళ్ళచొక్కావాడు చెయ్యెత్తాడు. ముందుపోతున్న ఆటోను చూపించి, మా అమ్మమ్మయినా దాన్ని దాటేస్తుందిరా అన్నానని ఒప్పుకున్నాడు. ఆమె వెనక బంపరు మీద చేయి పెట్టింది. ఈసారి కళ్ళజోడువాడు. గ్రౌండులో గిర్రున తిప్పుతుంటే వీడియో తీస్తున్నాడట. మొదటిసారి బాగా రాలేదని, ఇంకా వేగంగా మళ్ళీ తిప్పమన్నాడట. ఆ వీడియోను ఎంతమంది చూశారో కూడా చెప్పబోయి, ఆమె ముఖం చూసి మానేశాడు.

ఆమె వెనక ఎడమ తలుపు దగ్గరకు వచ్చింది. చేయి ఆనించింది. గళ్ళచొక్కా నేల చూపులు చూస్తున్నాడు, కళ్ళజోడు అద్దాలు తుడుచుకుంటున్నాడు, తాతయ్య కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి.

"నేనేనమ్మా," అంది కూతురు.

సొట్టలక్కకు ఆ మాట వెంటనే బుర్రకెక్కలేదు. నువ్వేంటి అని అడిగింది.

"ఆ రోజు స్తంభానికి గుద్దినప్పుడు ఇటువైపు కూర్చుంది నేనే. నేను తొందర పెట్టలేదమ్మా, ఒట్టు. నవ్వానంతే. వాడు స్పీడుగా తిప్పుతుంటే భయమేసింది. భయమేసిందని వీళ్ళకు తెలియకూడదని ఇంకా గట్టిగా నవ్వాను. నేను నవ్వేకొద్దీ వాడు ఇంకా తిప్పాడు."

తాతయ్య ఒక్కసారిగా తలెత్తి ఆ పిల్లను చూశాడు. నిజంగా నవ్వుతున్నావనుకున్నాను అన్నాడు. నాకూ భయమేసిందని ఆ తర్వాత చాలా మెల్లగా అన్నాడు. గళ్ళచొక్కావాడు కూడా, నాకు మాత్రం వెయ్యలేదా అన్నాడు. చూడండి వీళ్ళ తెలివి. నలుగురికీ భయమే. నలుగురూ మిగతా ముగ్గురికీ భయం లేదనుకుని, తమ భయాన్ని నవ్వుల కింద దాచుకుని, స్తంభానికి గుద్దేదాకా వెళ్ళారు.

కూతురు కుడిచేత్తో ఎడమ భుజాన్ని తడుముకుంది. అదేదో ఆ పిల్లకు తెలియకుండానే చేసింది. సొట్టలక్కకు అంతా గుర్తొచ్చింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి పిల్ల గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. ప్రాక్టీసులో బంతి తగిలిందని చెప్పింది. భుజమంతా కమిలిపోయి ఉంది. వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో కాపడం పెడుతూ, పిల్లలను చూసుకోవడం చేతకాదని కోచ్‌ను నోటికొచ్చినట్టు తిట్టింది. ఏం బంతమ్మా అది, ఇనపబంతా అని కూడా అంది. అని, తన మాటకు తనే నవ్వింది. అంతకు గంట ముందు ఈ తలుపు లోపలి అట్ట విప్పి, సరిగ్గా ఆ భుజం ఆనిన చోటే డాలీ ఆనించి సుత్తితో కొట్టింది. ఎడమచేత్తో తడిమి, ఎంత నున్నగా వచ్చిందో అని మురిసిపోయింది. ఆమెకు సిగ్గేసింది. ఒళ్ళు చచ్చిపోయేంత సిగ్గేసింది. నడిరోడ్డు మీద ఏడవకూడదనుకుంటూనే ఏడ్చేసింది.

అమ్మ ఏడవడం చూసి కూతురు హడలిపోయింది. మ్యాచికి వెళ్ళనులే అమ్మా అంది. సొట్టలక్క చొక్కా చేత్తో ముఖం తుడుచుకుంటే వెండిరంగు బుగ్గకంటింది. ఎందుకు వెళ్ళవు, నేనే తీసుకెళ్తాను అంది. బంకు ఎదురుగానే బస్సు ఆగే చోటు ఉంది. ఇంకో ఐదు నిమిషాల్లో తొమ్మిదీ నలభై బస్సు అక్కడికి వస్తుంది. ప్రాక్టీసు పోతే పోయింది, ఆటకు అందుకోవచ్చు. ఆ మాట వినగానే తాతయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ బస్సు ఎవరు నడుపుతారో అందరికీ తెలుసు.

"అక్కా, నాన్నకు చెప్తావా?" అన్నాడు.

"నేను చెప్పనురా. మూడుసార్లు నీ తప్పు నేను దాచాను. ఇక నా వల్ల కాదు. చెప్తే నువ్వే చెప్పాలి." తాళంచెవి వాడి చేతిలో పెట్టేసింది. వాడు కారెక్కి వెళ్ళిపోవచ్చు. ఆపడానికి ఆమె దగ్గర ఇంకేమీ లేదు.

వాడు తాళంచెవిని చూసుకున్నాడు. స్నేహితులను చూశాడు. వాళ్ళలో ఎవరూ నవ్వలేదు, ఎవరూ తాతయ్యా అనలేదు. మలుపులో బస్సు ముఖం కనిపించింది. వాడు రోడ్డు దాటి వెళ్ళి, బస్సుకు ఎదురుగా చెయ్యెత్తి నిలబడ్డాడు.

బస్సు ఆగింది. వాళ్ళ నాన్న కిటికీలోంచి తల బయటపెట్టి, కొడుకునూ, బంకులో కారునూ, బుగ్గకు రంగుతో నిలబడ్డ సొట్టలక్కనూ చూశాడు. కుర్రాడు కిటికీ కింద నిలబడి చెప్పడం మొదలుపెట్టాడు. ఏం చెప్పాడో ఇంజను చప్పుడులో ఆమెకు వినపడలేదు, మూడు వేళ్ళు చూపించడం మాత్రం కనపడింది. ఆయన ఇంజను ఆపేశాడు. సీటు వదిలి దిగాడు. దారి మధ్యలో ఆ మనిషి బస్సు దిగడం కండక్టరు తన సర్వీసులో చూడలేదట. విజిలు నోట్లో పెట్టుకుని ఊదడం మరిచిపోయాడు.

ఆయన రోడ్డు దాటి వచ్చి కారు చుట్టూ నడిచాడు. ముందు మూల తడిమాడు. బంపరు తడిమాడు. తలుపు తడిమాడు. ఆయన వేళ్ళకు ఏమీ దొరకలేదు. ఎక్కడమ్మా అని అడిగాడు. ఆమె ఆయన వేలిని పట్టుకుని ఒక్కొక్క చోటా ఆనించి చూపించింది. జీవితంలో మొదటిసారి, కనపడితే బాగుండునని కోరుకుంది. కనపడలేదు. అంత బాగా చేసింది మరి. కొడుకు చెంప పగులుతుందనే అందరూ అనుకున్నారు. ఆయన చెయ్యెత్తలేదు. వాడి భుజం మీద చేయి వేసి, బస్సు వైపు చూపించాడు.

"నా నెత్తి మీద ముప్పై ఏళ్ళుగా ఒక బోర్డుందిరా, డ్రైవరుతో మాట్లాడరాదని. నీకు కారిచ్చానుగానీ, ఆ బోర్డు ఇవ్వడం మరిచిపోయాను."

కుర్రాడు చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. కారును బంకు గోడ పక్కన పెట్టి, తాళంచెవిని నాన్న జేబులో వేశాడు. అందరూ బస్సు వైపు పరుగెత్తారు. లోపల అప్పటికే గోల మొదలైంది. ఎందుకు ఆగిందని ఒకరు, ఎవరికేమైందని ఇంకొకరు. పిల్ల ఫైనల్ ఆడాలట, పదకొండింటికట అని కండక్టరు చెప్పేసరికి, అంతవరకూ విసుక్కున్న ముసలాయన లేచి తన సీటు ఇచ్చేశాడు. కానివ్వండయ్యా, పిల్లకు టైమైపోతోంది అని వెనక సీట్లవాళ్ళు కేకలు పెట్టారు. ఒకాయన తొందరలో, డ్రైవరు గారూ కాస్త తొక్కండి అనేశాడు. గళ్ళచొక్కావాడు వెనక్కి తిరిగి ఆయన్ను చూసిన చూపుకు నోరు మూసుకున్నాడు. కూతురు కిటికీ పక్కన కూర్చుని మోకాలి పట్టీలు అప్పుడే కట్టేసుకుంటున్నది, కోచ్‌కు ఫోనులో వచ్చేస్తున్నానని అరుస్తున్నది. సొట్టలక్కకు ఆ అరుపు వింటుంటే మళ్ళీ ప్రాణం లేచొచ్చింది. పిల్ల ఆడుతుంది. ఈ పూటకు పిల్ల ఉంది, ఆడుతుంది.

ఆమె ఎక్కబోతుంటే డ్రైవరు తన తలుపు దగ్గర ఆగాడు. ఒక కాలు మెట్టు మీద ఉంది. ఇంతసేపూ అడగడానికి భయపడినట్టు, ఇటు తిరగకుండానే అడిగాడు.

"ఆ మూడుసార్లలో ఎవరికీ దెబ్బ తగల్లేదు కదమ్మా?"

లేదన్నా అనే మాట ఆమె నాలుక మీదకు వచ్చేసింది. ముప్పై ఐదేళ్ళుగా, అనుమానమొచ్చి అడిగిన తండ్రులకు చెప్పి చెప్పి అలవాటైన మాట. ఆమె దాన్ని మింగేసి, కిటికీలో కూతురి వైపు చూసింది.

"నా కూతురికి తగిలిందన్నా," అంది. "నాకు తెలియలేదు. ఆ పూట నేను తలుపు బాగుచేస్తున్నాను."